దిక్కులేని కారు కనిపిస్తే: గేటు తట్టడం దగ్గర్నుంచి ఆర్‌సీ చేతికొచ్చేదాకా

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత ఇంటి పక్కన మీగడ రంగు ప్రీమియర్ పద్మిని ఉండేది. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయాయి. బానెట్ మీదికి సన్నజాజి తీగ పాకింది. వెనకద్దం మీది దుమ్ములో పిల్లలు వేలితో పేర్లు రాసుకున్నారు. ఆ సందులో తిరిగే ప్రతి మెకానిక్కుకీ దాని మీదే కన్ను. "ఎవరూ పట్టించుకోరన్నా, రాత్రి రెండు గంటల పని" అని నాతో ఒకతను అన్నాడు కూడా. నేను మర్నాడు పగలు పదకొండింటికి వెళ్లి గేటు తట్టాను. ఎనభై దాటిన మామ్మగారు బయటికొచ్చారు. "అది మా ఆయన కారు బాబూ. అమ్మేది కాదు. చూడాలనుంటే తలుపు తీసి చూడు, తాళం ఉంది" అన్నారు.

కారు తాళం ఆవిడ బొడ్లో దోపుకున్న గుత్తిలో, బీరువా తాళం పక్కనే ఉంది.

వదిలేసినట్టు కనబడటం వేరు, వదులుకోవడం వేరు. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లం ఈ తేడా దగ్గరే తప్పులో కాలేస్తాం. బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది. మారుతి 800 అదే ఏడాది జనవరిలో ఆగింది. పద్మినిలు రావడం అంతకు చాలాముందే ఆగిపోయింది. ఇక కొత్తవి రావు కాబట్టి, వానలో తడుస్తున్న ప్రతి బండినీ కాపాడాలనిపించడం సహజం. నాకూ అంతే. కానీ సరిగ్గా కాపాడాలంటే వరుసగా చేయాల్సిన పనులున్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో నేను నేర్చుకున్న వరుస ఇది.

1. ముందు, బండి ఎవరి నేల మీద ఉందో చూడండి

ఇంటి ఆవరణలోనో, మూతపడ్డ మిల్లులోనో, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో ఉంటే అది ఒకరి స్వాధీనంలో ఉన్నట్టే. ఇంటికి తాళం వేసి పదేళ్లయినా సరే. అనుమతి లేకుండా ప్రహరీ దాటి లోపలికి వెళ్లడమే ఒక కేసు. కారు మీద చెయ్యి వేస్తే రెండోది.

రోడ్డు మీద ఉంటే దారి వేరు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 127 ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలకు మించి దిక్కు లేకుండా వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. లాగించిన ఖర్చు ఓనరే భరించాలి. ఆ అధికారం మీకూ నాకూ లేదు. కాలనీ సంఘం తీర్మానం చేసినా రాదు.

పోలీసు స్టేషన్ వెనక గుట్టగా పడి ఉన్నవి చూసి చాలామంది నిట్టూరుస్తారు. తలుపు మీద తెల్ల పెయింటుతో క్రైమ్ నంబరు రాసి ఉంటే అది కేసు సొత్తు. ఇలాంటి బళ్లను ఏళ్ల తరబడి స్టేషన్లలో తుప్పు పట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. అయినా గుట్టలు కరగలేదు. నాకు బాధే. కానీ మనలాంటివాళ్లకు వేలం తప్ప వేరే దారి లేదు.

ఎంపీడీవో ఆఫీసు చెట్టు కింద ఉన్న సర్కారీ జీపు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యూవల్ కాదు. అవి తుక్కు కేంద్రానికే వెళ్లాలి.

2. ఏది దొంగతనమో తెలుసుకోండి

"ఎవరికీ అక్కర్లేదు కదా" అనే మాట కోర్టులో నిలబడదు. ఒకరి స్వాధీనంలోని వస్తువును వాళ్ల ఒప్పుదల లేకుండా, దురుద్దేశంతో కదిలిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 కింద దొంగతనం. 3 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. కారు మొత్తం పట్టుకుపోనక్కర్లేదు, డిస్ట్రిబ్యూటర్ మూత లాంటి చిన్న ఇంజిన్ భాగం పీకినా అదే సెక్షన్.

ఎవరి స్వాధీనంలోనూ లేని వస్తువు దొరికి సొంతం చేసుకుంటే సెక్షన్ 314. కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు, దాంతోపాటు జరిమానా. ఈ సెక్షన్ వివరణ ఒకటి ప్రతి పాత కార్ల అభిమానీ చదవాలి. దొరికిన వస్తువును ఓనరుకి చేర్చడానికో, భద్రంగా ఉంచడానికో తీసుకుంటే నేరం కాదు. ఓనరెవరో తెలిసినా, తెలుసుకునే మార్గం ఉన్నా వాడేసుకుంటే నేరం. వెతకడానికి తగిన ప్రయత్నం చేయకుండా, కబురు పెట్టకుండా, తగినంత కాలం ఆగకుండా సొంతం చేసుకున్నా నేరమే. ఇప్పుడు కారు సంగతి ఆలోచించండి. నంబరు ప్లేటు ఉంది, చట్రం మీద కొట్టిన చాసిస్ నంబరు ఉంది, ఆర్టీఏలో రికార్డు ఉంది. ఓనర్ని తెలుసుకునే మార్గం లేదని చెప్పుకోగల వస్తువు కాదు కారు. దొరికిన ఉంగరానికి చెల్లే సాకు కారుకు చెల్లదు.

సెక్షన్ 315 అంతకంటే గట్టిది. చనిపోయినవాళ్ల దగ్గరున్న వస్తువు వారసుల చేతికి ఇంకా చేరకముందే కాజేస్తే 3 ఏళ్ల దాకా శిక్ష. మనం వాకిళ్లలో చూసే బళ్లలో చాలా వాటి కథ ఇదే కదా: పెద్దాయన పోయారు, పిల్లలు దూరాన ఉన్నారు. వారసులు అసలే లేకపోతే ఆస్తి ప్రభుత్వానికి పోతుంది తప్ప, ముందు చూసినవాడికి రాదు.

కొనేవాళ్లకూ ఒక మాట. దొంగ సామాను అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొంటే సెక్షన్ 317 ఉంది. గుజిరీ షాపులో సగం ధరకు గ్రిల్లు దొరికితే సంతోషించే ముందు ఎక్కడిదని అడగండి. ఎదుటివాడు మాట దాటేస్తే అక్కడే పెట్టేసి రండి.

"12 ఏళ్లుగా మా స్థలంలో ఉంది, ఇక మాదే" అనేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. ఆ 12 ఏళ్ల లెక్క భూముల తగాదాల్లోది. ఆర్టీఏ కౌంటర్‌లో ఆ మాటకు విలువ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే నేనూ ఆ పని చేశాను. 1998లో తెనాలి దగ్గర మూతపడ్డ రైస్‌మిల్లు వెనక ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. నేనూ ఒక స్నేహితుడూ దాని కార్బురేటర్, బానెట్ మీది లోహపు అక్షరాలు విప్పుకొచ్చాం. నెల తిరక్కముందే ఆ మిల్లు వాళ్లబ్బాయి విజయవాడ ఆటోనగర్‌లో మేము పనిచేసే షెడ్డుకే వచ్చాడు. "మా నాన్న కారు బాగు చేయించాలండీ. కార్బురేటర్ ఎవరో పీక్కుపోయారు, ఎక్కడైనా దొరుకుతుందా" అన్నాడు. రెండు రోజులు నాకు నోరు పెగల్లేదు. మూడో రోజు అన్నీ గుడ్డలో మూటగట్టి తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చుని అక్షరాలు వరుసగా పేర్చుకున్నాడు. ఒకటి తక్కువైంది. విప్పేటప్పుడు విరిగితే మేమే పారేశాం.

3. ఓనర్ని వెతకండి. సగం పని ఇదే

నంబరు ప్లేటుతో మొదలుపెట్టండి. 1989కి ముందు నంబర్లు మూడక్షరాలు, ఆపైన నాలుగంకెల దాకా. తర్వాత వచ్చిన పాత బళ్లకు జిల్లా అంకె ఉంటుంది. ఏపీ-7 గుంటూరు, ఏపీ-16 కృష్ణా, ఏపీ-31 విశాఖ, ఏపీ-9 నుంచి 13 దాకా హైదరాబాద్. ఇది తెలియడం ఎందుకంటే బ్రాడీపేట పద్మినికి ఏపీ-9 నంబరు ఉంది. బండి గుంటూరులో ఉన్నా రికార్డు హైదరాబాద్‌లో. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇప్పుడది వేరే రాష్ట్రం వ్యవహారం. ఇలాంటివాటికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. నెల రోజులు అదనంగా పెట్టుకోండి.

ప్రభుత్వం వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే పేరులో కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. పాత బళ్ల వివరాలు ఒక్కోసారి అసలే ఉండవు, ఎందుకంటే అవి పుస్తకాల్లో రాసిన కాలం నాటివి. అప్పుడు ఆ ఆర్టీఏ ఆఫీసుకే వెళ్లి బి-రిజిస్టర్ (బళ్ల వివరాలు రాసి ఉంచే పుస్తకం) గురించి అడగాలి. కొనదలచుకున్నానని, ఓనరుకి కబురు పెట్టాలని దరఖాస్తులో సూటిగా రాయండి. దళారీ చేతికి డబ్బిచ్చి చాటుగా తీయించే వివరాల జోలికి పోకండి. రేపు మీ నిజాయితీకి సాక్ష్యం కావాల్సిన కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఆర్టీఏ కంటే ముందే పనయ్యే చోట్లు వేరే ఉన్నాయి. వీధి మొదట్లో ఇస్త్రీ బండి. ఎదురింటి వాచ్‌మన్. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న కిరాణా కొట్టు. ఇస్త్రీ చేసే ఆయనకు ఏ ఇంటివాళ్ల పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో తెలిసినంతగా ఏ కంప్యూటర్‌కీ తెలీదు. కారు అద్దానికున్న స్టిక్కర్లు కూడా చదవండి: క్లబ్బుది, ఆసుపత్రి డాక్టర్ల పార్కింగుది, పాత ఇన్సూరెన్స్‌ది. అద్దం మీద ఎరుపు రంగు ప్లస్ గుర్తు ఆధారంగా ఒక డాక్టరుగారి కుటుంబాన్ని నేను రెండు రోజుల్లో పట్టుకున్నాను.

ఎవరూ దొరక్కపోతే ఈ నాలుగూ చేయండి, చేసినట్టు ఆధారం ఉంచుకోండి. ఒకటి, మీ పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వైపర్ కింద ఉంచి, తేదీతో ఫొటో తీయండి. రెండు, ఆర్టీఏ రికార్డులోని చిరునామాకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రశీదు దాచుకోండి. తిరిగొచ్చిన కవరుంటే విప్పకుండా అలాగే ఉంచండి. మూడు, స్థానిక పత్రిక జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల ప్రకటన ఇవ్వండి. నాలుగు, బండి ఉన్న పరిధిలోని పోలీసు స్టేషన్‌లో లిఖితపూర్వకంగా తెలియజేసి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

ఇవన్నీ చేశాక కూడా బండి మీది కాదు. పోలీసులు దాన్ని ఎవరూ క్లెయిమ్ చేయని ఆస్తిగా తీసుకుంటే ప్రకటన ఇస్తారు. హక్కున్నవాళ్లు ముందుకు రావడానికి 6 నెలల గడువు ఉంటుంది. ఎవరూ రాకపోతే వేలం. హైదరాబాద్ చుట్టుపక్కల కమిషనరేట్లు ఇలాంటి ప్రకటనలు తరచూ ఇస్తుంటాయి. అవి చదివే అలవాటు చేసుకోండి. వేలంలో కొంటే బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32తో ఆర్టీఏలో మీ పేరుకు మార్పించుకోవచ్చు. దిక్కులేని బండికి రాజమార్గం ఇదొక్కటే. తుక్కు కింద మాత్రమే అమ్ముతున్నామని వేలం షరతుల్లో ఉంటే ఆ బండి మళ్లీ రోడ్డెక్కదు. కాబట్టి పాట పాడే ముందే షరతుల కాగితం చదవండి.

4. అడిగే తీరు, చెప్పే ధర

ఇక్కడ చట్టం తక్కువ, మనిషితనం ఎక్కువ.

మొదటిసారి వెళ్లినప్పుడు ధర మాట ఎత్తకండి. జేబులో టేపు, చేతిలో రెంచీ పెట్టుకుని వెళ్లకండి. పగలు వెళ్లండి, ఒక్కరే వెళ్లండి. "ఈ కారు ఎవరిదండీ, ఎంత బాగుందో" అంటే చాలు, కథ వాళ్లే చెబుతారు. పెళ్లికూతుర్ని దాంట్లోనే తీసుకొచ్చాం, తిరుపతి మొక్కు దాంట్లోనే తీర్చుకున్నాం, ఆఖరిసారి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిందీ దాంట్లోనే. ఇది వినే ఓపిక లేనివాళ్లు పాత కార్ల జోలికి రాకూడదని నా అభిప్రాయం.

వద్దంటే వద్దనే అర్థం. అయినా చేయగల సాయం ఒకటుంది. మామ్మగారి దగ్గర నేను ఆ రోజు చేసింది అదే. ఆవిడ అనుమతితో బ్యాటరీ తీగలు ఊడదీశాను. నాలుగు మూలలా జాకీ పెట్టి ఇటుకల మీద లేపాను. తీగను కత్తిరించకుండా పక్కనున్న పందిరి మీదికి మళ్లించాను. అద్దాలు వేలెడు సందు మాత్రం ఉంచి టార్పాలిన్ కప్పాను. గాలి ఆడకపోతే లోపలి చెమ్మకు ఫ్లోర్, అంటే కారు అడుగు రేకు, ముందు పోతుంది. నా ఫోన్ నంబరు ఆవిడ క్యాలెండర్ వెనక రాసుకున్నారు. ఏడాదిన్నర తర్వాత డాలస్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశారు. "అన్నా, అమ్మ మీకే ఇమ్మంటోంది" అని.

ఇక ధర. ఓనరుకి విలువ తెలియదని మనకు తెలిసినప్పుడే మన సంస్కారం బయటపడుతుంది. వాళ్లు "పాత ఇనపసామాన్ల వాడు పదిహేను వేలిస్తానన్నాడు" అంటారు. మోనోగ్రాములు (బండి మీది లోహపు గుర్తులు), అసలు హెడ్‌లైట్ రింగులు, పగలని డ్యాష్‌బోర్డు ఉన్న బండి విలువ దానికి ఎన్నో రెట్లని మనకు తెలుసు. బేరమాడటం తప్పు కాదు. "ఇది తుక్కేనమ్మా" అని అబద్ధమాడటం తప్పు. నేనైతే ఇలా చెబుతాను: "బాగు చేశాక ఇది ఇంతకు పోతుంది, బాగు చేయడానికి ఇంత అవుతుంది, అందుకని నేనింత ఇవ్వగలను. కావాలంటే మరొకర్నీ అడిగి చూడండి." అలా చెప్పి పోగొట్టుకున్న బళ్లు నాకు రెండే. చెప్పినందుకు దొరికినవి అంతకంటే ఎక్కువ.

వయసు మళ్లినవాళ్లు ఒంటరిగా ఉంటే, పిల్లలతో ఫోన్‌లో మాట్లాడకుండా డబ్బు చేతిలో పెట్టకండి. వాళ్లు ఒప్పుకున్నా సరే.

బండిని ఆసరా చేసుకున్న ప్రాణాలనూ చూడండి. కింద కుక్క పిల్లల్ని పెట్టి ఉండొచ్చు, అప్పుడు నెలా రెండు నెలలు ఆగితే పోయేదేం లేదు. వెనక సీట్లో దుప్పటి, సత్తు గిన్నె కనబడ్డాయంటే అక్కడ ఎవరో పడుకుంటున్నారు. వాళ్లతో మాట్లాడకుండా, వేరే చోటు చూసుకునే వ్యవధి ఇవ్వకుండా రాత్రికి రాత్రి లాగించడం చట్టానికి తప్పు కాకపోవచ్చు, నాకు మాత్రం తప్పే.

5. కాగితాలు

డబ్బు ఇచ్చేముందు మూడు పనులు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్‌లో చాసిస్, ఇంజిన్ నంబర్లు కొట్టి దొంగ బండి కాదని చూసుకోండి. పాత ఫైనాన్స్ ఆర్‌సీలో అలాగే ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరినా హైపోథెకేషన్ (తాకట్టు ఉందనే రాత) కొట్టేయించకపోతే బ్యాంకు ఒప్పుదల, ఫారం 35 కావాలి. మూడోది, ఆర్‌సీలోని నంబర్లూ బండి మీది నంబర్లూ ఒకటేనా అన్నది కళ్లతో చూడాలి.

ఈ మూడో పనిలో చేతులు జాగ్రత్త. చాసిస్ నంబరు మీద నలభై ఏళ్ల గ్రీజు, తుప్పు పేరుకుని ఉంటాయి. ఎమరీ పేపర్ పెట్టి రుద్దితే అంకెలు అరిగిపోతాయి, రేపు ఇన్‌స్పెక్టర్ చూసి నంబరు చెరిపారంటాడు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ గంటసేపు దాని మీద వేసి ఉంచండి. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమండి. ఆరాక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే అంకెలు తెల్లగా లేస్తాయి. ఆ పెన్సిల్ ప్రింటు రెండు కాపీలు తీసి ఒకటి ఓనరుకివ్వండి. నంబరు చదవడానికి రాకపోతే బండి కొనకండి. మరో బండి ఆర్‌సీ తెచ్చి దీనికి తగిలించడం, నంబరున్న ముక్క కోసి వెల్డింగ్ చేయడం ఫోర్జరీ. ఆటోనగర్ సందుల్లో ఎవరు ఎంత ధీమాగా చెప్పినా వినకండి.

ఓనరు బతికి ఉంటే పని సులువు: పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. ఆర్‌సీ పోయి ఉంటే పోలీసులకిచ్చిన ఫిర్యాదు రశీదుతో ఫారం 26 మీద డూప్లికేట్ తీయించాల్సింది ఓనరే. మీరు పక్కనుండి తిరగొచ్చు, సంతకం మాత్రం వాళ్లదే.

చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మారాలి. అది ఫారం 31. దానికి మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల నిరాక్షేపణ అఫిడవిట్లు కావాలి. అమ్మగారొక్కరి సంతకంతో పని కానిచ్చేస్తే, రేపు రెండో కొడుకు వచ్చి బండి అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది. విదేశాల్లో ఉన్నవాళ్ల అఫిడవిట్‌ను అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో అటెస్ట్ చేయించి పంపించమనండి. పద్మిని విషయంలో డాలస్ నుంచి ఒకటి, సింగపూర్‌లో ఉన్న అమ్మాయి నుంచి ఒకటి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. బండి అప్పటిదాకా ఇటుకల మీదే ఉంది.

అమ్మేవాళ్లకూ చెప్పండి: పేరు మారకుండా బండి ఇచ్చేస్తే అది ఎవర్ని గుద్దినా నష్టపరిహారం రిజిస్టర్డ్ ఓనరు మెడకే చుట్టుకుంటుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందుకే బండి అప్పగించినట్టు డెలివరీ నోట్ రాసుకోండి. దాంట్లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా వేసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

షెడ్డు ఉన్నవాళ్లకు

రిపేరుకి ఇచ్చి మళ్లీ రాని కస్టమర్ల బళ్లు ప్రతి షెడ్డులోనూ ఒకటో రెండో ఉంటాయి. కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 170 మీకు ఒక హక్కు ఇస్తోంది: మీరు చేసిన పనికి డబ్బు ముట్టేదాకా బండిని ఆపుకోవచ్చు. అమ్ముకునే హక్కు మాత్రం ఇవ్వడంలేదు. "ఉంచినందుకు రోజుకింత అద్దె" అనే లెక్కకు కూడా ఆ సెక్షన్ వర్తించదు, చేతిపనికే వర్తిస్తుంది. లాయర్ నోటీసు పంపి, సివిల్ కోర్టు ద్వారా బాకీ రాబట్టుకోవాలి. జాబ్ కార్డు మీద కస్టమర్ సంతకం, చిరునామా, ఇంట్లో మరొకరి ఫోన్ నంబరు తీసుకునే అలవాటుంటే ఈ తిప్పలు సగం తగ్గుతాయి.

6. కదిలించడం

బండి నడిపించుకుని రావాలనే సరదా వద్దు. రిజిస్ట్రేషన్ గడువు తీరి, ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కితే చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం. బండిని పూర్తిగా పైకెక్కించుకునే రికవరీ వ్యాను పెట్టండి. తాడు కట్టి లాగితే పట్టేసిన బ్రేకు డ్రమ్ములు ఊడొస్తాయి. డ్రైవర్ దగ్గర డెలివరీ నోట్, ఆర్‌సీ కాపీలు ఉంచండి. దారిలో పోలీసులు ఆపుతారు, ఆపాలి కూడా.

చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. సీట్ల కింద పాములు, డ్యాష్‌బోర్డు వెనక కందిరీగలు కాపురముంటాయి. ఇంజిన్ తిప్పాలనుకుంటే ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులాగి చేత్తో తిప్పండి. నేరుగా సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురై ఉంటుంది. దాన్నీ పాత ఆయిల్‌నీ ఆ వాకిట్లో ఒంపి రావద్దు, డబ్బాలో పట్టి తెచ్చుకోండి.

7. రోడ్డెక్కించాలా, విప్పాలా, తుక్కుకి ఇవ్వాలా

15 ఏళ్లు దాటిన కారు ఇక పనికిరాదనే మాట ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి రాజధాని ప్రాంతానికి కోర్టు పెట్టిన ఆంక్షలవి. మన దగ్గర ఫారం 25తో ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవచ్చు. 15 దాటిన కారుకు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువు దాటి చేస్తే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుం ఉంది కాబట్టి, బండి ఒప్పందానికి ముందే కౌంటర్‌లో మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టించుకోండి. కొన్నాక తెలిసి గొల్లుమన్నవాళ్లను చూశాను.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉన్నవాటికి 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ 20,000, పదేళ్లు చెల్లుతుంది, కొత్త నంబరైతే మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తిప్పుకోవచ్చు తప్ప, రోజూ కూరగాయలకు వేసుకెళ్లడానికి కాదు.

విప్పి సామాన్లు వాడుకోవడం గురించి నా నియమం ఒకటే. ఫ్లోరూ, పైకప్పు మోసే పిల్లర్లూ నిలిచి ఉన్న బండిని విప్పను. ఫ్లోర్ పోయి, స్క్రూడ్రైవర్ గుచ్చితే అటువైపు తేలే బండి అయితే, ఓనరుతో "ఇది లేవదండీ, దీని సామాన్లతో ఇంకో రెండు బళ్లు బతుకుతాయి" అని చెప్పి, ఆ మాట ఒప్పందంలో రాసి, అప్పుడు విప్పుతాను. బాగు చేస్తానని తీసుకుని విప్పి అమ్మేవాళ్లున్నారు. కుటుంబం ఏడాది తర్వాత చూడ్డానికి వస్తే షెడ్డులో స్టీరింగ్ ఒక్కటే మిగిలి ఉంటుంది. ఇంతకంటే పెద్ద ద్రోహం ఈ పనిలో లేదు.

మిగిలిన గుల్లను గుజిరీకి వేయకండి. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే ఇవ్వండి. వాళ్లు దొంగ బండి కాదని చూసుకుని, బండి అప్పగించారని డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. చాసిస్ నంబరున్న ముక్క కోసి 6 నెలలు భద్రపరుస్తారు. తర్వాత రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇది జరగకపోతే ఆ నంబరు బతికే ఉంటుంది, ఏదో దొంగ బండికి తగులుకుని, మామ్మగారి లాంటివాళ్ల ఇంటికి చలానాలూ పోలీసులూ వస్తారు.

8. బండిలో దొరికినవి

అమ్మింది కారును, అందులో మర్చిపోయినవాటిని కాదు. సీట్లు విప్పే ముందే కుటుంబంలో ఒకర్ని పక్కన ఉండమనండి, వీలు కాకపోతే వీడియో తీయండి. గ్లవ్ బాక్స్, సీటు పట్టెల సందు, డిక్కీ కార్పెట్ కింద, సన్ వైజర్ వెనక. ఈ నాలుగు చోట్లా ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ప్రతిదీ కాగితం మీద రాసి సంతకం తీసుకుని అప్పగించండి. పనికిమాలిన చీటీ అని మీరు పారేయకండి, ఏది పనికిమాలినదో వాళ్లు చెప్పాలి.

పద్మినిలో మాకు ఒక కళ్లజోడు పెట్టె, 1996 నాటి పెట్రోలు బంకు బిల్లులు తొమ్మిది, ఒక కొబ్బరి చిప్ప, ముందు సీటు కింద చిన్నపిల్ల వెండి పట్టీ ఒకటి దొరికాయి. బిల్లులు నన్నే ఉంచుకోమన్నారు మామ్మగారు. పట్టీని వీడియో కాల్‌లో సింగపూర్‌లో ఉన్న అమ్మాయికి చూపించారు. దాని కోసమే ఆ పిల్ల ఒక దసరా సెలవులంతా ఏడ్చిందట.